హంపి, బాదామి: పెద్దవాళ్లు, పిల్లలతో నాలుగు రోజులు. ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

గుంతకల్లు_జంక్షన్ (ప్రశ్న)

డిసెంబరులో నాలుగు రోజులు. హైదరాబాదు నుంచి సొంత కారు. ఇద్దరు పెద్దవాళ్లు, అందులో ఒకరికి మోకాళ్ల నొప్పులు. పిల్లలు ఇద్దరు, 7 ఏళ్లు, 11 ఏళ్లు. ఇప్పటికి వేసుకున్న ప్లాను ఇది:

1వ రోజు (బుధ): తెల్లవారుజామున బయల్దేరి మధ్యాహ్నానికి హోసపేట. సాయంత్రం విరూపాక్ష గుడి, మాతంగ కొండ మీద సూర్యాస్తమయం.
2వ రోజు (గురు): పొద్దున అంజనాద్రి, మధ్యాహ్నం విఠల గుడి.
3వ రోజు (శుక్ర): లోటస్ మహల్, ఏనుగుశాలలు, కమలాపురం మ్యూజియం.
4వ రోజు (శని): బాదామి, పట్టదకల్లు, ఐహోళె చూసుకుని రాత్రికి హోసపేట. ఆదివారం పొద్దున ఇంటికి.

తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

---

మెట్లలెక్క

మొహమాటం లేకుండానే చెబుతున్నానండీ. ఒక్క రోజు కూడా సరిగ్గా లేదు. చోట్లు మంచివే, వరుసే తప్పు.

హంపిలో అలసట దూరాల వల్ల రాదు, బండల వల్ల వస్తుంది. ఎటు చూసినా గ్రానైటు గుట్టలే. పొద్దుటి నుంచి ఎండ తాగి, మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆ వేడిని తిరిగి మన మీదికి వదులుతాయి. డిసెంబరులో గాలి చల్లగానే ఉంటుంది కానీ గుడి ఆవరణలో వట్టికాళ్లతో నడిచేటప్పుడు తెలుస్తుంది. పెద్దవాళ్లకు మందపాటి సాక్సులు రెండేసి జతలు పెట్టండి. చెప్పులు విప్పాల్సిన చోట అవే కాపాడతాయి.

అందుకని ముందు నీడ ఎక్కడుంది, మెట్లు ఎన్ని, ఆ తర్వాతే చోట్ల లిస్టు.

మాతంగ కొండ: పెద్దవాళ్లకు వద్దు. మెట్లు ఒక ఎత్తున ఉండవు, కొన్ని చోట్ల బండనే చెక్కి వదిలేశారు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. సూర్యాస్తమయం చూశాక దిగాల్సింది చీకట్లో. ఆ పిల్లల వయసుకు కూడా దిగడమే ప్రమాదం. బదులు హేమకూటం ఎక్కండి. విరూపాక్ష గుడి పక్కనే, వాలు నెమ్మదిగా ఉంటుంది, పైన చిన్న చిన్న పాత గుళ్లున్నాయి, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. గోపురం కూడా అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది.

అంజనాద్రి: సుమారు 575 మెట్లు. మోకాళ్ల నొప్పి ఉన్నవారిని కింద ఒక్కరినే కూర్చోబెట్టి మిగతావాళ్లు పైకెళ్లడం అంటే రెండు గంటలు వాళ్లకు శిక్ష. పైగా ఆ కొండ నదికి అవతల ఆనెగొంది వైపు. కారులో చుట్టు తిరిగి వెళ్లాలి, పోనూ రానూ చాలా సమయం తినేస్తుంది. మీ గుంపుకు అది కొట్టేయండి.

---

పాతమ్యాపు

టిక్కెట్టు సంగతి కూడా చూసుకోండి. విఠల గుడికి, లోటస్ మహల్ ఉన్న జెనానా ఆవరణకు, కమలాపురం మ్యూజియానికి పురావస్తు శాఖ టిక్కెట్టు ఒకటే. మనవాళ్లకు 40 రూపాయలు, 15 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. అయితే అది ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. మీరు విఠల గుడిని గురువారం, లోటస్ మహల్‌ను శుక్రవారం పెట్టారు, అంటే రెండుసార్లు కొనాలి. డబ్బు పెద్ద లెక్క కాదు, కానీ రెండుసార్లు క్యూ.

పైగా శుక్రవారం మ్యూజియానికి సెలవు. హంపి వెళ్లేవాళ్లలో సగం మంది ఈ ఒక్క విషయంలో దెబ్బతింటారు. కమలాపురం మ్యూజియంలో మొత్తం హంపి లోయ నమూనా ఒకటి నేలమీద పరిచి ఉంది, కొండలు, నది, గుళ్లు అన్నీ. పిల్లలకు ముందు అది చూపిస్తే తర్వాత బయట ఏది ఎక్కడుందో వాళ్లే చెబుతారు. కాబట్టి మ్యూజియం చివర కాదు, మొదట పెట్టాలి.

---

గుంతకల్లు_జంక్షన్

ధన్యవాదాలు. అంజనాద్రి, మాతంగ కొట్టేశాను. విఠల గుడి, జెనానా రెండూ గురువారానికి మార్చాను. విఠల గుడికి ఎన్ని గంటలకు చేరాలి? లోపలికి చాలా నడవాలంటున్నారు, నిజమేనా?

---

మెట్లలెక్క

8.30 ప్రాంతంలో తెరుస్తారు, అప్పటికే గేటు దగ్గర ఉండండి. కారు గుడి దాకా పోదు. పార్కింగు నుంచి గుడికి సుమారు కిలోమీటరు, బ్యాటరీ బండ్లు తిప్పుతారు. పొద్దున్నే వెళితే బండికి ఐదు నిమిషాలు. పదకొండుకు స్కూలు బస్సులు దిగాక అదే బండి కోసం ముప్పావు గంట నిలబడాలి, నీడ లేని చోట. పెద్దవాళ్లకు రాను బండి దొరక్క నడవాల్సి రావడమే ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. తిరుగు బండి క్యూ కూడా చూసుకుని పదిన్నరకల్లా బయటపడండి.

హంపి ఊళ్లోంచి నది పక్కగా విఠల గుడికి కాలిబాట ఉంది, రెండు కిలోమీటర్లు. రోడ్డు మీద అయితే కమలాపురం, తలారిగట్టు చుట్టి తొమ్మిది, పది కిలోమీటర్లు. ఓపిక ఉన్నవాళ్లు పిల్లలతో ఆ కాలిబాట మీద రావచ్చు, పెద్దవాళ్లు కారులో వచ్చి అక్కడ కలుసుకోవచ్చు.

---

రాతిచెవి

విఠల గుడిలో అందరూ రాతి రథం ముందు నిలబడి ఫొటో దిగి వచ్చేస్తారు. ఆ రథం బొమ్మ ఉన్న 50 రూపాయల నోటు ఒకటి జేబులో పెట్టుకెళ్లి పిల్లల చేత పోల్చి చూపించండి, పది నిమిషాలు అక్కడే ఉంటారు.

చూడాల్సినవి:

ఆ రథం ఏకశిల కాదు. విడి రాళ్లను అతుకు కనపడకుండా కూర్చారు. చక్రం పక్కన జాగ్రత్తగా చూస్తే గీతలు దొరుకుతాయి. ముందున్న ఏనుగులు మొదటివి కావు. అక్కడ ఉండాల్సినవి గుర్రాలు. ఏనుగు వెనకాల చూస్తే గుర్రం వెనక కాళ్లు, తోక ఇంకా మిగిలి ఉన్నాయి. "గుర్రం తోక ఎక్కడుందో పట్టుకో" అంటే పిల్లలు వదలరు. రథం పైన ఒకప్పుడు ఇటుక శిఖరం కూడా ఉండేది, 1856లో గ్రీన్‌లా తీసిన ఫొటోలో కనిపిస్తుంది. ఇప్పుడు లేదు. ఇంకో మాట, అసలు అది రథమే కాదు, గరుడుడి గుడి. స్వామికి ఎదురుగా ఉన్నది అందుకే.

సంగీత స్తంభాల మీద చేయి వేయకండి. తట్టి వినిపిస్తామనే గైడును అసలు పెట్టుకోకండి. నిషేధం ఊరికే పెట్టలేదు. ఒకే బండలోంచి లావు స్తంభం, దాని చుట్టూ సన్నటి కమ్మీల్లాంటి చిన్న స్తంభాలు చెక్కారు, దెబ్బ తగిలేది ఆ సన్నవాటికే. ఏళ్ల తరబడి జనం తట్టీ తట్టీ అరగదీశారు.

---

అమ్మమ్మ_సంచి

మధ్యాహ్నం సంగతి ఎవరూ చెప్పలేదే. పన్నెండు నుంచి మూడు దాకా గదిలో పడుకోబెట్టండి, అంతే. హోసపేటకు పదమూడు కిలోమీటర్లు, కమలాపురంలో దిగితే ఇంకా దగ్గర. భోజనం, నిద్ర అయ్యాక మూడున్నరకు మళ్లీ బయల్దేరితే సాయంత్రం రెండు గంటలు హాయిగా చూడొచ్చు. "వచ్చాం కదా" అని ఎండలో తిప్పితే మూడో రోజు పెద్దవాళ్లు గదిలోంచి బయటికి రారు.

హంపి ఊళ్లో శాకాహారమే. మద్యం దొరకదు. ఎవరికైనా ముందే తెలియాల్సిన అవసరం ఉంటే తెలుసుకోండి. :)

ఆ ఊళ్లో, హోసపేటలో తెలుగు బాగానే నడుస్తుంది. ఆటోవాళ్లతో కన్నడం రాదని కంగారు అక్కర్లేదు.

---

రాతిచెవి

మూడున్నర తర్వాత జెనానా ఆవరణ, ఏనుగుశాలలు సరిపోతాయి. ఏనుగుశాలలు 11 గదులు. మధ్య గది మీదది వేరు, దానికి అటూ ఇటూ గుమ్మటాలు జత జతగా ఒకే ఆకారంలో ఉంటాయి. ఎడమ వైపు రెండోది ఎలా ఉందో కుడి వైపు రెండోది అలాగే. జతలు కలిపే ఆట పిల్లలకు ఇచ్చేయండి, పెద్దవాళ్లు ఎదురుగా పచ్చిక మీద కూర్చోవచ్చు.

అక్కడి నుంచి హజార రామాలయం దగ్గరే. ఇది మాత్రం తొందరగా దాటించకండి. ప్రహరీ గోడ బయట వరసలు కింది నుంచి చదవాలి: అడుగున ఏనుగులు, వాటి పైన గుర్రాలు, ఆపైన సైనికులు, ఇంకా పైన నాట్యగత్తెలు. లోపల గుడి గోడ మీద రామాయణం ప్రదక్షిణంగా నడుస్తుంది, ఒక చుట్టు తిరిగితే కథ పై వరసకు ఎక్కుతుంది. కథ తెలిసిన అమ్మమ్మ గానీ తాతయ్య గానీ ఉంటే గైడు దేనికి? రోజు మొత్తంలో పెద్దవాళ్లు పిల్లలకు చెప్పే చోటు ఇదొక్కటే, మిగతావన్నీ మనం వాళ్లను మోసుకు తిరగడమే.

లోపలి మండపంలో నున్నగా మెరిసే నాలుగు నల్ల స్తంభాలు కూడా చూడండి.

మహానవమి దిబ్బ పక్కన మెట్ల కోనేరు ఉంది. తవ్వకాల్లో 1980లలో బయటపడింది. నల్లరాతి మెట్లు, అంచులు ఇప్పటికీ కత్తిలా ఉన్నాయి. మెట్ల రాళ్ల మీద చిన్న అక్షరాలు చెక్కి ఉంటాయి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరసలో, ఎన్నోది అని తాపీవాళ్లు వేసుకున్న గుర్తులు. అంటే వేరేచోట చెక్కి, ఇక్కడికి తెచ్చి, నంబరు చూసి పేర్చారు. కోనేట్లోకి దిగనివ్వరు, పైనుంచి చూడాలి, బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్లండి.

---

లెన్స్‌మూత

విరూపాక్ష గుడిలో తలకిందుల గోపురం ఎవరూ చెప్పలేదు! గర్భగుడి వెనక మెట్లెక్కితే ఒక చీకటి గది. గోడలో చిన్న కంత. ఎదుటి గోడ మీద తూర్పు గోపురం తలకిందులుగా పడుతుంది. వెలుతురు తిన్నగానే ప్రయాణిస్తుంది కదా, గోపురం శిఖరం నుంచి వచ్చిన కిరణం కంతలోంచి దూరి కిందికి పోతుంది, అడుగు నుంచి వచ్చింది పైకి. సూదిబెజ్జం కెమెరా, అంతే.

ఎక్కువమందికి కనపడకపోవడానికి కారణం ఒకటే. బయటి ఎండలోంచి లోపలికొచ్చి, వెంటనే ఫోను లైటు వేసి వెతుకుతారు. లైటు వేస్తే ఉన్నది కూడా పోతుంది. ఫోను జేబులో పెట్టి, రెండు నిమిషాలు కళ్లు అలవాటు పడనివ్వాలి. మబ్బు పట్టిన రోజు పల్చగా పడుతుంది. 11 ఏళ్ల పిల్లకు సైన్సు పుస్తకంలో ఉన్నదే ఇది. తెల్ల కాగితం ఒకటి పట్టుకెళ్లి బొమ్మ ముందు అటూ ఇటూ జరిపితే సైజు మారడం కూడా చూడొచ్చు.

గుడి ఏనుగు లక్ష్మికి పొద్దున పూట నదిలో స్నానం చేయిస్తారు. నీళ్లు ఎక్కువున్న రోజు ఉండదు.

---

పుట్టిగట్టు

నీళ్ల మాట వచ్చింది కాబట్టి. పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) ఎక్కాలని పిల్లలు అడుగుతారు. నది ఎలా ఉందన్నది వానల మీద కాదు, పైన హోసపేట దగ్గరి తుంగభద్ర డ్యాము గేట్ల మీద ఆధారపడుతుంది. ఎక్కడో మలెనాడులో వానలు పడి డ్యాము నిండితే, హంపిలో ఎండ కాస్తూ ఉండగానే నీళ్లొస్తాయి. గేట్లు ఎక్కువగా ఎత్తితే పురందరదాసు మండపం మునుగుతుంది, పుట్లు ఆపేస్తారు. ఇది జులై నుంచి అక్టోబరు దాకా ఉండే బాధ. డిసెంబరుకు సాధారణంగా ఇబ్బంది ఉండదు.

లైఫ్ జాకెట్టు ఇవ్వని పుట్టి ఎక్కకండి. పుట్టిని గిరగిరా తిప్పమని డబ్బులిచ్చే వేషాలు పెద్దవాళ్లుండగా వద్దు, కళ్లు తిరుగుతాయి.

పాత బ్లాగుల్లో "నది అవతల విరూపాపుర గడ్డెలో దిగండి" అని ఉంటుంది. ఆ రిసార్టులను 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూల్చేశారు. ఇప్పుడు అటు వైపు బస అంటే సణాపురం దిక్కు. మీ ప్లానుకు అది దూరం, హోసపేట లేదా కమలాపురమే మేలు.

---

వాతాపి_దారి

ఇక నాలుగో రోజు. బాదామి, పట్టదకల్లు, ఐహోళె మూడూ చూసి మళ్లీ హోసపేటకు రావడమా! హోసపేట నుంచి బాదామి సుమారు 140 కిలోమీటర్లు. బాదామి నుంచి పట్టదకల్లు 22, అక్కడి నుంచి ఐహోళె 13, 14. తిరిగి రావడం ఇంకో మూడు గంటలు. చూసేది నాలుగు గంటలు, కూర్చునేది ఆరేడు గంటలు. మర్నాడు మళ్లీ హైదరాబాదు ప్రయాణం.

వెనక్కి రాకండి. గుండ్రంగా తిరగండి. వెళ్లేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఇంకో దారి. బాదామిలో ఒక రాత్రి పడుకుని ఐహోళె, ఇళకల్లు, లింగసుగూరు, రాయచూరు మీదుగా ఇంటికి. ఆదివారం ఎలాగూ ప్రయాణమే కదా, ఆ రోజు పొద్దున బాదామిలో కళ్లు తెరవండి, హోసపేటలో కాదు. హోసపేట గది ఒక రాత్రి తగ్గించి బాదామికి మార్చడమే తేడా.

---

మెట్లలెక్క

వాతాపి_దారి గారూ, దారి బాగుంది కానీ మోకాళ్ల మాట మరిచారు. బాదామి గుహలంటే నిలువునా మెట్లు కదా?

---

వాతాపి_దారి

మరవలేదండీ. గుహలు నాలుగు, ఒకదానిపైన ఒకటి కొండకు ఆనుకుని. మొదటి గుహకు మెట్లు తక్కువే, మెల్లగా ఎక్కించవచ్చు. పద్దెనిమిది చేతుల నటరాజు ఆ మొదటి గుహ దగ్గరే, బయటివైపునే ఉన్నాడు. పెద్దవాళ్లు అక్కడ ఆగిపోయినా నష్టపోరు. పిల్లల్ని తీసుకుని ఒకరు మూడో గుహ దాకా వెళ్లాలి, అన్నింట్లోకి పెద్దది, గొప్పది అదే. శాసనం ఉంది కాబట్టి కాలం కచ్చితంగా తెలుసు, 578. శేషుడి మీద కూర్చున్న విష్ణువు, వరాహం, త్రివిక్రముడు, ఒక్కొక్కటి మనిషి కంటే పెద్దవి. తలెత్తి దూలాల కింద ఉన్న జంటల బొమ్మలు కూడా చూడండి. నాలుగోది జైనుల గుహ, చిన్నది.

కోతులు. ప్లాస్టిక్ కవరు చప్పుడైతే చాలు, అందులో ఏముందో చూడకుండానే లాగేస్తాయి. చేతిలో కవరు, నీళ్ల సీసా, కొబ్బరికాయ ఏదీ పట్టుకోవద్దు. జిప్పున్న వీపు సంచి ఒకటి చాలు, అది కూడా పిల్లల వీపుకు వద్దు.

సాయంత్రం అగస్త్య తీర్థం ఒడ్డున భూతనాథ గుడి. మెట్లు పెద్దగా లేవు, చెరువు గట్టు వెంబడి నడక. ఎర్ర ఇసుకరాయి మీద సాయంత్రపు వెలుగు పడే వేళకు అక్కడ ఉంటే చాలు, ఇంకేమీ చేయక్కర్లేదు.

పట్టదకల్లు పెద్దవాళ్లకు ఈ యాత్ర మొత్తంలో అత్యంత సుఖమైన చోటు. చదును నేల, గుళ్లన్నీ ఒకే ఆవరణలో. ఉత్తరాది శిఖరం, దక్షిణాది విమానం పక్కపక్కన కనిపించే చోటు. కాంచీపురం మీద రెండో విక్రమాదిత్యుడు గెలిచాక రాణి లోకమహాదేవి కట్టించిన విరూపాక్ష గుడిలో ఇప్పటికీ పూజ జరుగుతుంది.

ఐహోళెలో సమయం లేకపోతే దుర్గ గుడి ఆవరణ ఒక్కటి చూడండి. వెనకభాగం గుండ్రంగా ఉంటుంది. పేరు దుర్గాదేవి వల్ల రాలేదు, కోట అనే అర్థంలో దుర్గం వల్ల వచ్చింది. ఓపికున్నవాళ్లు మేగుటి కొండ ఎక్కితే రెండో పులకేశి గురించి రవికీర్తి రాసిన 634 నాటి శాసనం ఉంది.

---

పాతమ్యాపు

వెళ్లేటప్పుడు కర్నూలు దారి పట్టమని నా మాట. రాయచూరు మీదుగా హోసపేట దాదాపు 370 కిలోమీటర్లు, కర్నూలు, బళ్లారి మీదుగా మరో యాభై పైనే ఎక్కువ. కానీ కర్నూలుకు ముందే ఆలంపురం. నవబ్రహ్మ ఆలయాలు కట్టించింది ఆ బాదామి చాళుక్యులే. అక్కడి శిఖరాలు గుర్తుపెట్టుకుని నాలుగో రోజు పట్టదకల్లులో గళగనాథ గుడి ముందు నిలబడితే పిల్లలే "ఇది ఆలంపురంలో చూశాం" అంటారు. గంటన్నర ఆగినా సాయంత్రానికి హోసపేట చేరతారు. మొదటి రోజు హంపి ఏమీ పెట్టుకోకండి.

---

తుంగభద్రం_నీళ్లు

అంజనాద్రి వదిలేయడమేంటండీ, హనుమంతుడు పుట్టిన చోటు కదా! తిరుమల కొండల్లో అని 2021లో టీటీడీ ప్రకటించింది గానీ...

---

పాతమ్యాపు

ఆ చర్చ ఇక్కడ మొదలుపెడితే గుంతకల్లు గారి డిసెంబరు దాటిపోతుంది. వేరే థ్రెడ్ తెరవండి.

---

గుంతకల్లు_జంక్షన్

హహ. సరే, మారిన ప్లాను:

బుధ: ఆలంపురం, సాయంత్రానికి కమలాపురం బస.
గురు: 8.30 విఠల గుడి. పదకొండుకు మ్యూజియం. మధ్యాహ్నం విశ్రాంతి. మూడున్నర నుంచి జెనానా, ఏనుగుశాలలు, హజార రామాలయం.
శుక్ర: పొద్దున విరూపాక్ష, తలకిందుల గోపురం. సాయంత్రం హేమకూటం.
శని: పొద్దున్నే బాదామి, గుహలు, సాయంత్రం భూతనాథ.
ఆది: పట్టదకల్లు, ఐహోళె, రాత్రికి ఇల్లు.

శుక్రవారం మధ్యలో ఖాళీ ఉంది. దరోజి అభయారణ్యంలో ఎలుగుబంట్లా, లేక ఇంకేదైనా?

---

రాతిచెవి

విరూపాక్ష నుంచి వచ్చే దారిలోనే ఉన్నాయి: ససివెకాళు గణపతి, కృష్ణ దేవాలయం, లక్ష్మీనరసింహుడు, బడవ లింగం. కారులోంచి దిగితే చాలు, మెట్లు దాదాపు లేవు. పదింటికి మొదలుపెట్టి పన్నెండుకు ముగించొచ్చు.

ససివెకాళు గణపతిని ముందు నుంచి చూసి వచ్చేయకండి. వెనక్కి వెళ్లండి. వెనక నుంచి చూస్తే తల్లి వీపు కనిపిస్తుంది, గణపతి ఆమె ఒడిలో కూర్చున్నాడని అప్పుడు తెలుస్తుంది. నరసింహుడు 6.7 మీటర్ల ఏకశిల, 1528. ఒడిలోని లక్ష్మి విరిగిపోయింది, ఆమె చేయి ఒకటి ఆయన వెనక మిగిలింది. పక్కనే బడవ లింగం, పాదం నీళ్లలో ఉంటుంది.

కృష్ణ దేవాలయం మనవాళ్లు తప్పక ఆగాల్సింది. నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట గజపతుల నుంచి గెలిచాక కృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహం తెచ్చి దీన్ని కట్టించాడు. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, గర్భగుడి ఖాళీ.

---

పుట్టిగట్టు

దరోజి మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు. ఎదుటి బండల మీద తేనె లాంటిది పూస్తారు, ఎలుగులు సాయంత్రం దాన్ని నాకడానికి గుహల్లోంచి దిగుతాయి. మీరు ఉండేది దూరంగా ఒక మంచె లాంటి చోట. బైనాక్యులర్ లేకపోతే పిల్లలకు నల్ల చుక్కలు తప్ప ఏమీ కనపడవు. గంట సేపు మాట్లాడకుండా కూర్చోవాలి. 7 ఏళ్ల పిల్లవాడు కూర్చుంటాడా అన్నది మీకే తెలియాలి. వెళితే హేమకూటం సాయంత్రం పోతుంది, రెండూ కుదరవు. కావాలంటే హేమకూటం పొద్దున ఏడింటికి ఎక్కి, అటు నుంచే విరూపాక్షలోకి దిగండి. ఏనుగు స్నానం చూసే వీలు కూడా అప్పుడే.

---

అమ్మమ్మ_సంచి

ఆదివారం ప్రయాణంలో ఒక్క మార్పు. ఐహోళె నుంచి హైదరాబాదు చాలా దూరం, పట్టదకల్లుకు ఎనిమిదికల్లా చేరి ఐహోళె పదకొండున్నరకు వదిలేయాలి. ఇళకల్లులో చీరల కోసం ఆగుదామని ఎవరైనా అంటే అరగంట అని ముందే ఒప్పించుకోండి. ఇళకల్లు చీర ఒంటి నేత ఒకటి, పట్టు కొంగు ఒకటి, ఆ రెంటినీ ముడివేసి కలుపుతారు. కొంగు మొదలయ్యే చోట వేలితో తడిమితే ఆ ముడులు తెలుస్తాయి. తెలియకపోతే అది మగ్గం చీర కాదని చెప్పి బయటికొచ్చేయొచ్చు, అరగంట కూడా పట్టదు.

శనివారం మధ్యాహ్న భోజనం బాదామిలో కాకుండా ఐదు కిలోమీటర్లు పోయి బనశంకరి గుడి దగ్గర చేయండి. ఆడవాళ్లు బుట్టల్లో జొన్నరొట్టె, వంకాయ కూర, పెరుగు తెచ్చి అమ్ముతారు. కారం ఎక్కువ, పిల్లలకు పెరుగు ముందే చెప్పి పెట్టుకోండి.